దాతను తీసేస్తే రోగి ఉంటాడా?

మెట్ల పక్క గది, మూడో అంతస్తు
జూన్ 4

తాబేలు మామయ్యా,

కోపం తెచ్చుకోకు. మంచం మీద బోర్లా పడుకుని మెడ ఒక్కటే బయటికి చాచి ఉన్నావని అత్తయ్య చెప్పగానే ఆ పేరు దానంతట అదే పుట్టింది. నీ కంట్లో గ్యాస్ బుడగ వేశారటగా. నేల వైపు చూస్తూ ఉంటే అది పైకి తేలి, ఊడిన పొరను అతికిస్తుందట. రెండు నెలలు నేల చూపులు చూడటం నీకూ మంచిదేలే. ఇన్నాళ్ళూ తల పైకెత్తుకునే తిరిగావు.

నీ ఫోను అత్తయ్య బీరువాలో పెట్టి తాళం వేసిందని, కంప్యూటర్ మాటెత్తితే డాక్టరుకి చెప్తానంటోందని తెలిసింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అత్తయ్యా, నువ్వే చదివి వినిపించాలి. మధ్యలో మా ఆఫీసు గోల వస్తుంది, విసుక్కోకు.

నువ్వు ఖాళీ చేసిన కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టారు. ఒక చక్రం తిరగదు, ఎడమకి ఒరుగుతుంది. పదిహేనేళ్ళు దీని మీద ఎలా కూర్చున్నావో ఏమో, నాకు పదిహేను రోజులకే నడుం పట్టేసింది. కోడ్ కూడా నీదే. తెరిస్తే చాలు, నువ్వు పక్కన నిలబడి గొణుగుతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ఆసుపత్రి వాళ్ళు పాత రక్తదాతల పేర్లు తీసెయ్యమన్నారు. ఐదేళ్ళుగా రక్తం ఇవ్వనివాళ్ళు ఆరు వేల చిల్లర ఉన్నారు. జులై ఆఖరుకి అయిపోవాలి. మన మేనేజర్ పెద్దాయన కాగితం నా బల్ల మీద పెట్టి, "ఒక పూట పనమ్మా" అనేసి వెళ్ళిపోయాడు.

ఏ ఆసుపత్రో నీకు చెప్పక్కర్లేదు. నాన్న రికార్డు గదిలో గుమాస్తాగా పనిచేసిన ఆసుపత్రే. ఒక రోగి రికార్డు చెరిపేశాడని తొమ్మిదేళ్ళ కిందట నాన్నని పంపించేసిన ఆసుపత్రే. ఆ పేరు స్క్రీన్ మీద కనబడితే చాలు, ఆ పేజీ మూసేస్తాను. మొన్న ఇంటికి వెళ్ళాను కదా, నాన్న ఇంకా అలాగే ఉన్నాడు. ఇప్పుడు పనిచేస్తున్న కాగితాల గోదాముకి తాళం వేసి సందు మొదటిదాకా వస్తాడు, వెనక్కి వెళ్ళి తాళం లాగి చూస్తాడు. మూడుసార్లు. ఎందుకు నాన్నా అంటే, "నా చేతి మీద నాకు నమ్మకం లేదు పాపా. ఆ రోజు కూడా నేనే నొక్కానేమో" అంటాడు.

సరే, నీ దగ్గరికి వస్తాను. నీ కోడ్‌లో 'మనిషి' అని ఒక టేబుల్ ఉంది. దాని కింద పిల్ల టేబుళ్ళు రెండు, 'దాత', 'రోగి'. పేరూ వయసూ పైన ఒక్కసారే రాస్తారు, రక్తం గ్రూపు దాతలో, పడని మందులు రోగిలో. బాగానే ఉంది. కానీ రోగుల పేజీలో డిలీట్ బటన్ ఉంది, దాతల పేజీలో లేదు. ఎందుకు తీసేశావు?

నీ మేనకోడలు,
పేచీ


పడక గది, మంచం అంచు
జూన్ 12

ఏమే పేచీకోరూ,

ఈ రాత చూసి నేను తాగానని అనుకోకు. మంచం అంచు మీదినుంచి తల వేలాడేసి, కింద పీట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు పీట దాటి పారిపోతున్నాయి. ఈ గదిలో ఎన్ని గచ్చు పలకలున్నాయో, ఏ పలకకి ఏ మూల పగిలిందో నన్నడుగు, చెప్తాను. ఒక చీమ రోజూ పొద్దున్నే ఇటు వెళ్ళి సాయంత్రం అటు వస్తుంది. దానికున్న పని కూడా నాకు లేకుండా పోయింది. కాలు గాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి తెచ్చి ఇలా బోర్లా పడేశారు.

ఆ టేబుళ్ళు చూసి బాగానే ఉంది అని ఊరుకున్నావా? అది నేను నా జీవితంలో చేసిన మంచి పని. అంతకుముందు దాతల పుస్తకం వేరు, రోగుల పుస్తకం వేరు. ఒకే ఆవిడ పేరు ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా ఉండేది. ఎవరైనా ముందు మనిషి, ఆ తర్వాతే దాతో రోగో అన్నాను నేను. ఆ ముక్కకి మీటింగులో పెద్దాయన మెచ్చుకుని బల్ల చరిచాడు.

బటన్ సంగతంటావా, ఎవరో అడిగితే తీసేసినట్టున్నాను. గుర్తు లేదు. అయినా దాతల జోలికి నువ్వెందుకు వెళ్తావు? ఆ పేర్లు అక్కడుంటే ఎవరికి బరువు? కుదరదని పెద్దాయనకి చెప్పెయ్.

బావ సంగతి మళ్ళీ తవ్వకమ్మా. అది మానిన పుండు.

ఇంకోటి. ఈసారి రాసేటప్పుడు పెద్ద అక్షరాలతో రాయి, ఒక్కోటీ వేలెడంత. నేనే చదువుకుంటాను. చదివి చదివి మీ అత్తయ్య గొంతు బొంగురుపోతోంది.

మామయ్య


మెట్ల పక్క గది
జూన్ 27

మామయ్యా,

వేలెడంత అక్షరాలు! పేజీకి ఆరు వరసలు పడుతున్నాయి. ఇదిగో కాగితాల కట్ట, తాబేలుకి మేత.

ఏం జరిగిందో విను. నాకు రెండు రోజులుగా కుదురు లేదు. ఆఫీసులో నీళ్ళ కుండీ దాకా వెళ్తాను, గ్లాసు నింపుకోకుండానే తిరిగొస్తాను. పక్క సీటులో డిజైన్ చేసే అమ్మాయి "నీకేమైనా పురుగు కుట్టిందా?" అనడిగింది.

నువ్వు జోలికి వెళ్ళకన్నావు కదా, అందుకే వెళ్ళాను. కోడ్ సరిగా నడుస్తోందో లేదో చూడ్డానికి నువ్వు రాసిన టెస్టులు ఇరవై మూడున్నాయి. అన్నీ పచ్చగా పాసవుతున్నాయి. దాతని చేర్చి తీసేస్తే దాత పోతున్నాడు. రోగిని చేర్చి తీసేస్తే రోగి పోతున్నాడు. ఒకే మనిషి దాతా రోగీ అయినప్పుడు ఏమవుతుందో చూసే టెస్టు మాత్రం లేదు. దానికోసమే కదా నువ్వు ఇంత చేసింది! అందుకని నేను రాశాను. ఐదే వరసలు.

ఒక మనిషిని చేర్చు.
ఆ మనిషినే దాతగా రాయి.
ఆ మనిషినే రోగిగా రాయి, ఫలానా మందు పడదని రాయి.
దాతను తీసెయ్.
రోగి ఉన్నాడా?

లేడు మామయ్యా. ఎర్రగా వచ్చింది. నేనే తప్పు రాశాననుకుని చెరిపి మళ్ళీ రాశాను. మళ్ళీ ఎరుపే. కంగారుపడకు, టెస్టు కోసం వేరే ఖాళీ డేటాబేస్ పుడుతుంది, అవగానే పోతుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత నీ కోడ్‌కి పునాదిగా వాడిన ఫ్రేమ్‌వర్క్ పుస్తకం తెరిచి కూర్చున్నాను. పిల్ల టేబుల్లో వరస తీసెయ్యమంటే అది పైనున్న మనిషి వరసని కూడా తీసేస్తుందట. మనిషి వరస పోతే దాన్ని పట్టుకుని ఉన్న రోగి వరసా పోతుంది. 'పైది ఉంచు' అని మనం విడిగా చెప్తేనే ఉంచుతుంది. నీ కోడ్‌లో ఆ మాట చెప్పలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నాన్న ఆ రోజు ఏమన్నాడు? అమ్మ ఎన్నిసార్లు చెప్పిందీ మాట! బట్టలు కుట్టే ఆవిడొకరు వచ్చి, ఒంట్లో బాగుండటం లేదు, ఇక రక్తం ఇవ్వలేను, దాతల్లోంచి నా పేరు తీసెయ్యండి అంది. నాన్న తీశాడు. వారం తిరక్కుండా ఆవిడే జ్వరంతో చేరింది. రికార్డు లేదు. పడని మందు ఎక్కించారు. ఆవిడ మూడు రోజులు ఊపిరి కోసం కొట్టుకుని బతికింది. రికార్డు ఎవరు చెరిపారని చూస్తే కంప్యూటర్లో నాన్న పేరుంది. "నేను దాతల పేజీలోనే తీశాను, రోగుల పేజీ తెరవనే లేదు" అని నాన్న మొత్తుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు.

నాన్న నిజమే చెప్పాడు మామయ్యా! చెయ్యి తప్పలేదు! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఈ మాట ముందు నీకే రాస్తున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకి నువ్వే చెప్పాలి. ప్రోగ్రామ్ రాసినవాడివి, నువ్వు చెప్తేనే నమ్ముతాడు. నీకు తెలియక జరిగింది కదా, నాన్న నిన్నేమీ అనడు. తొందరగా రాయి.

పేచీ


పడక గది
జులై 6

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. నువ్వు చూసింది ఇప్పటి వెర్షన్‌లో. తొమ్మిదేళ్ళ కిందటి ఫ్రేమ్‌వర్క్ వేరు, అప్పట్లో అది ఇలా ప్రవర్తించేది కాదు. ఒక టెస్టు ఎర్రగా వచ్చిందని తొమ్మిదేళ్ళ నాటి సంగతి తేల్చెయ్యడం పిల్లచేష్ట. ఇప్పుడు బావకి చెప్పి లేనిపోని ఆశ పెట్టి, రేపు కాదని తేలితే ఆ మనిషి ఏమైపోతాడు?

నాకూ తల దించుకుని దించుకుని మెడ పట్టేసింది, ఎక్కువ రాయలేను. ఆ కోడ్ సరిదిద్దు, పని పూర్తి చెయ్, ఊరుకో. పెద్దవాళ్ళ సంగతులు పెద్దవాళ్ళం చూసుకుంటాం.

మామయ్య


మెట్ల పక్క గది
జులై 19

మామయ్యగారికి,

ఈ ఉత్తరం కావాలనే చిన్న అక్షరాలతో రాస్తున్నాను. మీ కళ్ళకి ఆనదు. అత్తయ్య చేత చదివించుకోండి.

పాత వెర్షన్ వేరన్నారు. ఆఫీసులో మూలన పడున్న కంప్యూటర్ అడిగి తీసుకుని, తొమ్మిదేళ్ళ నాటి ఫ్రేమ్‌వర్క్ వెతికి అందులో వేశాను. ఆ పాత సరంజామా ఒకదానితో ఒకటి పడక చంపేసింది, నాలుగు రోజులు పట్టింది. అందులో నా ఐదు వరసలూ నడిపాను. ఎరుపే వచ్చింది. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మీరెందుకు తడుముకున్నారో నాకు అప్పుడు అనుమానం వచ్చింది. నేను మిమ్మల్ని ఏమీ అనలేదే! మీకు తెలియక జరిగిందనే రాశాను. మీరు సంతోషిస్తారనుకున్నాను. నాన్న చెయ్యి మంచిదని తేలితే నాకంటే ముందు మీరు గంతులేస్తారనుకున్నాను.

కోడ్ పాత చరిత్ర తెరిచాను. ఏ మార్పు ఎవరు చేశారో, ఏ రోజు చేశారో అందులో ఉంటుంది. అలా రాసి ఉంచాలని ఆఫీసులో అందరికీ నేర్పింది మీరేనట. దాతల పేజీలో డిలీట్ బటన్ ఎవరో అడిగితే తీసేశాను, గుర్తులేదు అన్నారు. అది తీసింది మీరు. ఎవరూ అడగలేదు. పక్కన మీ చేత్తోనే ఒక ముక్క రాశారు, "దయచేసి ఈ బటన్ మళ్ళీ పెట్టకండి" అని. ఎందుకో రాయలేదు. తేదీ మాత్రం ఉంది.

నాన్నని ఉద్యోగంలోంచి తీసేసిన పదకొండో రోజు.

అంటే మీకు తెలుసు. పదకొండో రోజుకే తెలుసు. తెలిసి బటన్ దాచారు, నాన్నని వదిలేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు మా ఇంటికి వచ్చారు! ఎన్నిసార్లు నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నారు! నాన్న తాళం లాగి చూడ్డానికి వెనక్కి వెళ్తుంటే మీరూ చూశారుగా, అప్పుడు మీ నోరేమైంది?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా రాస్తే ఏం రాస్తానో నాకే తెలియదు.

అత్తయ్యా, నీ చేత ఇది చదివించినందుకు నన్ను క్షమించు.

— మీ అక్క కూతురు


పడక గది
జులై 30

అమ్మా,

మీ అత్తయ్య చదువుతూ చదువుతూ "పదకొండో రోజు" దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెడుతుందేమోనని చూశాను. నాకు ఆమె పాదాలే కనబడుతున్నాయి. ఉత్తరం మడిచి నా ముఖం కింద పీట మీద పెట్టింది. "మిగతాది మీకు తెలిసిందేగా" అని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి "తినండి", "చుక్కలు వేస్తాను, కన్ను తెరవండి", ఈ రెండు మాటలే.

అడిగావు కాబట్టి చెప్తాను. అడక్కపోతే చెప్పేవాణ్ణి కాదు, అది కూడా రాస్తున్నాను.

ఆ రోజు సూపరింటెండెంట్ గదిలో అందరం కూర్చున్నాం, బావ ఒక్కడే నిలబడ్డాడు. చంకలో రిజిస్టరు పెట్టుకుని ఉన్నాడు. "మీ ప్రోగ్రామ్ దానంతట అది ఏమైనా చెరుపుతుందా?" అని నన్నడిగారు. చెరపదన్నాను. అప్పటికి అది నిజమనే అనుకున్నాను. అప్పుడు బావ నా వైపు తిరిగి, "చిన్నోడా, ఒక్కసారి చూడరా" అన్నాడు.

"చూశాను బావా" అన్నాను.

చూడలేదమ్మా. ఏం చూడాలిలే అనుకున్నాను. నా మనిషి టేబుల్ మీద నాకు అంత గర్వం. చేర్చడం వందసార్లు చూసుకున్నాను, దాతా రోగీ రెండూ అయిన మనిషిని తీసి ఒక్కసారీ చూసుకోలేదు. పదకొండు రోజులు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటే అప్పుడు చూశాను. నువ్వు రాసిన ఐదు వరసలే నేనూ చేశాను, టెస్టు రాయకుండా చేత్తో చేశాను. రోగి పోయాడు. కుర్చీలోంచి లేవబోతే దాని చక్రం విరిగింది. నువ్వు తిట్టుకుంటున్న చక్రం అదే.

ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు కంపెనీలో ఆరుగురమే. ఆ ఆసుపత్రి పోతే అందరం రోడ్డున పడేవాళ్ళం. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. బోర్లా పడుకుని యాభై రోజులు ఆలోచిస్తే అది కూడా సాకేనని తేలింది. నాకు సిగ్గేసింది, అంతే. అంత డప్పు కొట్టుకున్నవాణ్ణి, బావ ముందు చూశానన్నవాణ్ణి, చూడలేదని ఏ ముఖంతో చెప్పను? రేపు చెప్దాం అనుకున్నాను. రేపటికి ఇంకో రోజు ఆలస్యం కూడా చెప్పుకోవాల్సి వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఏడాది ఎందుకు దాచావన్నదే పెద్ద తప్పైపోయింది.

బావ తాళం లాగడానికి వెనక్కి వెళ్ళినప్పుడల్లా నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. కాళ్ళకున్న చెప్పుల్నే.

నా కుర్చీలో నిన్ను కూర్చోబెట్టమని పెద్దాయన్ని బతిమాలింది నేనే. మేనకోడలికి ఉద్యోగం ఇప్పిస్తున్నానని అందరితో చెప్పాను. నిజానికి నువ్వు పేచీకోరువి, చెయ్యొద్దన్నదే చేస్తావు. నువ్వు వెతుకుతావని నాకు భయం. వెతక్కుండా వదిలేస్తావేమోనని కూడా భయంగానే ఉండేది.

ఏం చెయ్యమంటావో చెప్పు.

మామయ్య


మెట్ల పక్క గది
ఆగస్టు 8

మామయ్యగారికి,

ఏం చెయ్యాలో మీకు తెలుసు. నన్ను అడిగి చేస్తే అది నేను చేయించినట్టవుతుంది. అయినా అడిగారు కాబట్టి రెండే చెప్తాను.

ఒకటి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఉత్తరం పంపడం కాదు, మీరే వెళ్ళాలి. తప్పు ఎక్కడ జరిగిందో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చేతికిచ్చి రండి. ఆ రోజు గదిలో చెప్పిన మాట ఆ గదిలోనే వెనక్కి తీసుకోండి.

రెండు, నాన్నకి రాయండి. కంపెనీలో ఆరుగురు, మెడనొప్పి, పాత వెర్షన్, ఇవేవీ రాయొద్దు.

పాత దాతల్ని తీసే పని నేను ఆపించాను. పెద్దాయన "వెయ్యికి ఒకరుంటారమ్మా అలాంటివాళ్ళు" అన్నాడు. లెక్క తీసి చూపించాను. ఆ ఆరు వేలలో నాలుగు వందల పన్నెండు మంది రోగులు కూడా. వాళ్ళలో ఎవరికి ఏ మందు పడదో రాసి ఉన్నదంతా ఒక్క దెబ్బతో పోయేది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "మీ నాన్న..." అని ఆగిపోయాడు. ఆయన కూడా ఆ గదిలో ఉన్నాడని అప్పుడే నాకు తెలిసింది.

కోడ్ సరిచేశాను. టెస్టు ఇప్పుడు పచ్చగా వస్తోంది. దాన్ని మీ ఇరవై మూడింటి పక్కన ఇరవై నాలుగోదిగా పెట్టాను. ఇక ఎవరు ఏ మార్పు చేసినా ముందు దాన్ని దాటాలి. ఇన్ని రోజులు ఎరుపు చూసి చూసి, పచ్చగా వస్తే సంతోషపడాలి కదా, పడలేకపోతున్నాను. మిమ్మల్ని మళ్ళీ మామయ్యా అని ఎప్పుడు పిలవగలనో నాకు తెలియదు.

నాన్నకి నేనూ పంపుతున్నాను, ఆ ఐదు వరసలు మాత్రమే. మీ పేరు అందులో లేదు. అది మీరు రాసుకోవాలి.


ముందు గది, కుర్చీలో
సెప్టెంబర్ 3

అమ్మా,

కూర్చుని రాస్తున్నాను. బుడగ ఆవగింజంత అయ్యి కరిగిపోయింది. చూపు సగం వచ్చింది, మిగతా సగం వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. మీ అత్తయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మెట్లెక్కుతుంటే, "జాగ్రత్త, ఇక్కడ మెట్టు ఉంది" అంది. నెల తర్వాత మూడో మాట. ఇప్పటి సూపరింటెండెంట్ వేరు, చిన్నవాడు. నేను చెప్పిందంతా విని "ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అనడిగాడు. మా మేనకోడలు కనిపెట్టేసింది కాబట్టి అన్నాను. పాత ఫైలు తీయించి బావ పేరు మీదున్న మాట కొట్టేయించాలంటే కమిటీ కూర్చోవాలట, రెండు నెలలు పడుతుందట. కాగితం తీసుకుని ముద్ర వేసి నకలు ఇచ్చాడు. వచ్చేముందు రికార్డు గది గుమ్మం దాకా వెళ్ళాను. బావ కూర్చున్న చోట ఇప్పుడు అరలు పెట్టేశారు.

బావకి రాయడానికి ఏడు కాగితాలు పాడుచేశాను. రాసిందంతా కొట్టేస్తే చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి.

"బావా, ఆ రోజు నువ్వు చూడమంటే నేను చూడకుండానే చూశానన్నాను. పదకొండు రోజుల తర్వాత చూస్తే తప్పు నా ప్రోగ్రామ్‌దని తెలిసింది. అప్పటినుంచి తెలిసే దాచాను. నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు."

పంపేశాను. పోస్టు డబ్బా దగ్గర చెయ్యి లోపలికి పెట్టి, అది పడిందో లేదో అని మళ్ళీ మళ్ళీ తడిమి చూశాను. బావ పడే బాధేమిటో ఆ కాసేపూ తెలిసింది.

నువ్వు ఎలా పిలిచినా పలుకుతాను. పిలవకపోయినా నీ తప్పు లేదు.


కాగితాల గోదాము, ముందు గది
సెప్టెంబర్ 24

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. వెంటనే రాయకపోవడానికి పని ఒత్తిడి కారణం కాదు. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

పాప పంపిన ఐదు వరసలు ముందే వచ్చాయి. నాకు కంప్యూటర్ భాష రాదు, కానీ గుమాస్తా పని చేసినవాణ్ణి, వరసగా రాస్తే అర్థమవుతుంది. ఒక మనిషిని చేర్చు, దాతగా రాయి, రోగిగా రాయి, దాతను తీసెయ్, రోగి ఉన్నాడా? ఆ రోజు నేను చేసింది అక్షరాలా అదే. ఆ కాగితం ముందు పెట్టుకుని, బల్ల మీద వేలితో ఒక్కో వరసా నొక్కి చూసుకున్నాను. నా వేలు ఎక్కడా తప్పు చోటికి వెళ్ళలేదు. అయినా ప్రోగ్రామ్ రాసినవాడు కూడా ఆ మాట అంటే బాగుణ్ణనిపించింది. నెల రోజులకి నువ్వన్నావు.

కోపం ఉందా అంటే ఉంది. చాలా ఉంది. ఉద్యోగం పోయినందుకు కాదు. గోదాము పని బాగానే ఉంది, యజమాని మంచివాడు. ఆ రోజు "చూశాను బావా" అన్నావు చూడు, దానికి. నీకంటే బాగా తెలిసినవాడు లేడని నేను నమ్మాను. చిన్నోడు చూశానన్నాడంటే తప్పు నా చేతిలోనే ఉండాలి అనుకున్నాను. నీ మాట నమ్మి నా చేతిని నమ్మడం మానేశానురా. తొమ్మిదేళ్ళు. పాపకి జ్వరం వస్తే మందు నేను వెయ్యలేదు, మీ అక్కని లేపి వేయించాను. నీకు తెలియదు ఇది.

ఆ బట్టలు కుట్టే ఆవిడని నేను ఏటా ఒకసారి వెళ్ళి చూసొస్తాను. ఆవిడ నా చొక్కాకి ఊడిన గుండీ ఏదైనా ఉంటే కుట్టి పంపిస్తుంది. ఇన్నేళ్ళూ ఆవిడ ముందు తల దించుకునే కూర్చున్నాను. ఆవిడకి నువ్వే వెళ్ళి చెప్పాలి. మీ అక్కకీ నువ్వే చెప్పాలి. తనకి నేను చెప్పలేదు. నీ ఉత్తరం ఇక్కడే అట్టల కట్ట మధ్యలో దాచాను. మీ అక్క నిన్ను చేత్తో పెంచింది, ఆ మాట వేరేవాళ్ళ నోటినుంచి వినకూడదు. ఆదివారం రా. కన్ను సరిగా ఆనకపోతే బస్సు దిగేచోటికి నేను వస్తాను. ఏం మాట్లాడతానో తెలియదు. తిట్టవచ్చు. తిడితే పడు.

పాపకి కూడా రాస్తాను. మామయ్యతో మాట్లాడు అని రాయను, మాట్లాడొద్దనీ రాయను. అది మీరిద్దరూ చూసుకోండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నిన్న సాయంత్రం గోదాముకి తాళం వేసి సందు మొదటిదాకా వచ్చాను. కాళ్ళు అలవాటుగా ఆగిపోయాయి. యజమాని ఎదుటి అరుగు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు, నేను వెనక్కి వెళ్తానని నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. నా కుడిచెయ్యి చూసుకున్నాను. వేశాను, నాకు గుర్తుంది, అనుకున్నాను. ఇంటికి వచ్చేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

పొద్దున వెళ్ళి చూస్తే తాళం వేసే ఉంది.

బావ